వేదాంతం చెప్పకురా బాబూ!

మన భాషలో ఎవరి నోరైనా మూయించాలంటే "వేదాంతం చెప్పకు" అంటే చాలు. "తత్వం బోధపడింది" అన్నామంటే గట్టి దెబ్బే తగిలిందని అర్థం. ఇక కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఒక పిల్లాడు ఫిలాసఫీ చదువుతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న: "గది సదివితే ఏం నౌకరొస్తది బిడ్డా?"

ఆ ప్రశ్నని వెక్కిరించే హక్కు మనకి లేదు. సింగరేణి బాయిల్లోకి దిగో, దుబాయ్ ఎండల్లో కూలి చేసో పిల్లల్ని చదివిస్తున్న వాళ్ల ప్రశ్న అది. ఏసీలో కూర్చుని "జ్ఞానం కోసం చదివించండి" అని వాళ్లకి చెప్పలేం. అందుకే నేను అడిగేది ఫిలాసఫీ డిగ్రీ కాదు. ఇంజనీరింగ్‌తో సహా ఏ డిగ్రీలోనైనా, ఒక్క సెమిస్టరు తత్త్వశాస్త్రం.

ఎందుకంటారా? తత్త్వశాస్త్రం అంటే భక్తి, మనశ్శాంతి అనుకుంటాం కానీ, దాని అసలు పని "నీకెలా తెలుసు?" అని అడగడం. నిప్పు లేనిదే పొగ రాదంటాం కదా, న్యాయ దర్శనంలో అనుమాన ప్రమాణానికి ఇచ్చే ఉదాహరణ సరిగ్గా అదే. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. నువ్వు చూసింది పొగేనా, మంచా? కారణంలా కనిపిస్తూ కారణం కానివాటికి హేత్వాభాసాలని పేరు పెట్టి, రకాలుగా విడగొట్టారు. సర్వర్ పడిపోగానే "నిన్న డిప్లాయ్ చేశాం, అదే కారణం" అని మనం రాసే రూట్ కాజ్ రిపోర్టుల్లో ఇవి ఎన్ని దొరుకుతాయో!

ఇంకోటి, శబ్ద ప్రమాణం. అంటే ఒకరు చెప్పగా తెలుసుకోవడం. ఎవరు పడితే వాళ్లు చెబితే కుదరదు. చెప్పేవాడికి విషయం తెలిసుండాలి, నిజం చెప్పాలన్న ఉద్దేశమూ ఉండాలి. వాడే ఆప్తుడు. వీసా ఏజెంటు ఆప్తుడా? చాట్‌జీపీటీ ఆప్తుడా? జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాలకి మొదటి ప్రశ్న లక్షల అప్పుతో ముడిపడింది. రెండోది ఇవాళ ప్రతి విద్యార్థిదీ.

ఇది మనకి పరాయి విద్య కూడా కాదు. 2008లో కరీంనగర్‌లో పెట్టిన యూనివర్సిటీకి శాతవాహనుల పేరు పెట్టుకున్నాం. వాళ్ల నాణేలు కోటిలింగాలలో దొరికాయి, ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. నాగార్జునుడి సుహృల్లేఖ ఒక శాతవాహన రాజుకి రాసిన ఉత్తరమనే ప్రసిద్ధి. ఆయనే విగ్రహవ్యావర్తనిలో అడిగాడు: అన్నిటినీ ప్రమాణాలతో తేలుస్తున్నారు సరే, ఆ ప్రమాణాల్ని దేనితో తేలుస్తారు? కోడ్ కరెక్టని టెస్టులు చెబుతాయి, మరి టెస్టులు కరెక్టని ఎవరు చెబుతారు అని మనం కొట్టుకునేది కూడా ఇదే కదా!

అదే 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది (అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్). పల్లెటూరి పిల్లలు పదో తరగతి అవగానే చేరి ఆరేళ్లు చదువుతారు. పక్కనే అక్షరాభ్యాసాలు చేయించే సరస్వతి గుడి. అక్షరం దిద్దించిన ఊళ్లో ఆ అక్షరాన్ని ప్రశ్నించడం కూడా నేర్పడానికి ఆరేళ్లలో ఒక్క సెమిస్టరు ఎక్కువా?

మనవాళ్లకి ఫిలాసఫీ గుర్తొచ్చేది సివిల్స్ రాసేటప్పుడే. సిలబస్ చిన్నదని ఆప్షనల్‌గా తీసుకుంటారు. దీన్నీ గైడు కొని బట్టీ కొట్టిస్తే దండగే, ఒప్పుకుంటాను. అందుకే బిట్లు వద్దు. ఒక వాదన ఇచ్చి, దాన్ని ముందు బలంగా నిలబెట్టమనండి, తర్వాత పడగొట్టమనండి. అదే పరీక్ష.

నౌకరీ సంగతి? మన ఇంటర్వ్యూల్లో అడిగిన సమాధానం చెప్పేవాళ్లు బోలెడుమంది. "ఈ ప్రశ్నే సరిగ్గా లేదు సార్" అనగలిగేవాళ్లే కరువు. ఆ ధైర్యం పెద్ద ఊళ్ల, పెద్ద కాలేజీల పిల్లల సొత్తుగా మిగిలిపోకూడదనే నా గోల. మీరేమంటారు?