మాటల్లేని కథను ఎవరికి చెప్పాలి?

మద్రాసు సినిమా లోకంలో ఏ సినిమాకైనా మొదటి ఆట కథ చెప్పే గదిలోనే పడేది. నిర్మాత ఉంటాడు, ఆయనకు అడ్వాన్సు ఇచ్చే పంపిణీదారులు ఒకరిద్దరు ఉంటారు. దర్శకుడు పాత్రలన్నీ తానే అయి డైలాగులు చెబుతాడు. పాట వచ్చే చోట సందర్భం వివరిస్తాడు. ఇంటర్వెల్ దగ్గర కాస్త ఆగి ఎదుటివాళ్ల ముఖాలు చూస్తాడు. హాస్య చిత్రమైతే ఆ గదిలో నవ్వు పుట్టాలి, పుట్టకపోతే కథ అక్కడితో సరి. 1980ల నడుమ సింగీతం శ్రీనివాసరావు దగ్గరున్న కథలో చెప్పడానికి ఒక్క డైలాగు లేదు, ఒక్క పాట లేదు. రెండు గంటల పైన నడిచే హాస్య చిత్రంలో ఎవరూ నోరు విప్పరు. ఇంత విడ్డూరం మీద డబ్బు పెట్టలేమని నిర్మాతలు వెనకాడారు.

ఆ కథే సినిమాగా వచ్చిన ‘పుష్పక విమానం’ ఈరోజు అందరికీ గర్వకారణం. ఉత్తమ చిత్రాల జాబితా ఎవరు వేసినా అందులో దానికి చోటుంటుంది. ఆ గర్వంలో మనం తేలిగ్గా దాటేసే సంగతి ఒకటుంది. ఆ సినిమా దర్శకుడి మనసులో పడిన నాటికీ, తెర మీదికి వచ్చిన నాటికీ మధ్య ఒక తరం గడిచిపోయింది.

సింగీతం కె.వి. రెడ్డి దగ్గర సహాయ దర్శకుడిగా ఉన్న రోజుల్లో, తీవ్రమైన మనోవేదనలో ఉన్న ఒక పాత్ర మీద మాటలు లేకుండా ఒక ఘట్టం తీయవలసి వచ్చింది. సినిమా మొత్తాన్నీ ఇలా తీయవచ్చు కదా అన్న ఊహ ఆయనకు అప్పుడే కలిగింది. ఎక్కడ కలిగిందో గమనించాలి. ‘మాయాబజార్’ తీసిన దర్శకుడి దగ్గర! 1957 నాటి ఆ సినిమాకు సింగీతం కూడా సహాయకుడే. పింగళి నాగేంద్రరావు కొత్త మాటలు పుట్టించి జనం నాలుకల మీదికి ఎక్కించిన సినిమా అది. తెలుగు సినిమాలో మాటకు అంతటి పట్టాభిషేకం మరెక్కడా జరగలేదు. ఆ పట్టాభిషేకాన్ని దగ్గరుండి చూసినవాడు మాటను పూర్తిగా తీసేసి చూద్దామనుకున్నాడు. గురువుగారి విద్యను కాదని వెళ్లడంగా నాకు ఇది కనిపించదు. కె.వి. రెడ్డి స్క్రిప్టు పక్కా అయ్యేదాకా కెమెరా ముట్టేవారు కాదు. ప్రతి సన్నివేశం ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచ్ పట్టుకుని ముందే లెక్క కట్టేవారు. మాటలున్న సినిమాలో సన్నివేశం కాస్త సాగినా డైలాగు దాన్ని మోస్తుంది. మాటలు లేనప్పుడు ఒక చూపు క్షణం ఎక్కువైనా నవ్వు జారిపోతుంది. ఆ స్టాప్‌వాచ్ కింద పెరిగినవాడికి తప్ప ఈ ధైర్యం రాదు.

ఆయన పుట్టిన సంవత్సరం కూడా చెప్పుకోదగ్గదే. 1931. ఆ ఏడాదే మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ వచ్చింది. ఆ ఏడాదే చాప్లిన్ టాకీలకు ఎదురు నిలిచి ‘సిటీ లైట్స్’ను మాటలు లేకుండా విడుదల చేశాడు. అయితే చాప్లిన్‌కు సొంత స్టూడియో ఉంది, యునైటెడ్ ఆర్టిస్ట్స్‌లో వాటా ఉంది. ఆయన ఒప్పించాల్సిన నిర్మాత ఆయనే. ఫ్రాన్సులో జాక్ తాతీ మాటలకు పెద్దగా చోటివ్వని హాస్యం కోసం ఏకంగా ఒక నగరాన్నే సెట్టుగా కట్టి, 1967లో ‘ప్లేటైమ్’ విడుదల చేశాడు. అప్పులపాలై తన సినిమాల మీద హక్కులు కూడా పోగొట్టుకున్నాడు. ఇలాంటి హాస్యానికి లోకంలో ఎక్కడైనా దారి ఇరుకే.

సింగీతం తొలి చిత్రం ‘నీతి నిజాయితీ’ 1972లో వచ్చింది. ఆ తర్వాత తమిళంలో ‘దిక్కట్ర పార్వతి’, తెలుగులో ‘జమీందారుగారి అమ్మాయి’, ‘తరం మారింది’, ‘పంతులమ్మ’, కమల్‌హాసన్‌తో ‘సొమ్మొకడిది సోకొకడిది’, ‘అమావాస్య చంద్రుడు’, కన్నడంలో రాజ్‌కుమార్‌తో ‘హాలు జేను’... జాతీయ పురస్కారం వచ్చింది, వ్యాపార విజయాలు వచ్చాయి, మూడు భాషల్లో అగ్రతారలు ఆయన పిలిస్తే పలికే స్థితి వచ్చింది. అంటే గుమ్మం బయట నిలబడిన కొత్త కుర్రాడి కథ కాదిది. పరిశ్రమ నెత్తిన పెట్టుకున్న దర్శకుడు. అయినా ఆ ఒక్క సినిమాకు మాత్రం తలుపు తెరుచుకోలేదు. మనవాళ్లు దర్శకుణ్ణి నమ్ముతారు, ఆయన నిన్న తీసిన సినిమాను నమ్ముతారు. రేపు తీయబోయే సినిమా నిన్నటిలా లేకపోతే ఆ నమ్మకం పనికిరాదు.

కథ కుదిరాక స్క్రిప్టు రాయడానికి రెండు వారాలే పట్టింది. డబ్బు దొరకడమే కష్టమైంది. చివరికి ముందుకు వచ్చినవాడు కన్నడ నటుడు, నిర్మాత శృంగార్ నాగరాజ్. సింగీతం కూడా నిర్మాణంలో భాగస్వామి అయ్యారు. కమల్‌హాసన్ ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన దక్షిణాదిలోనూ హిందీలోనూ పెద్ద తార. ‘నాయకన్’ 1987 అక్టోబరులో విడుదలైతే, నవంబరు 27న ‘పుష్పక విమానం’ వచ్చింది. ఒక సినిమాలో గొంతు మార్చి, యాస మార్చి ముసలితనం దాకా నడిచిన నటుడు, నెల తిరిగేసరికి ఇంకో సినిమాలో అసలు గొంతే లేకుండా కనిపించాడు. తన పనిముట్లలో పెద్దదాన్ని తార తనంతట తాను పక్కన పెట్టిన సందర్భాలు మన సినిమాలో వేళ్ల మీద లెక్కించాలి.

బెంగళూరులో, విండ్సర్ మేనర్ హోటల్లో తీశారు. ఖర్చు సుమారు 35 లక్షలు. బి.సి. గౌరీశంకర్ కెమెరా, ఎల్. వైద్యనాథన్ సంగీతం, తోట తరణి కళ. అమల నాయిక. ఐస్ కత్తులను ఫ్లాస్కులో పెట్టుకుని తిరిగే కిరాయి హంతకుడిగా టీనూ ఆనంద్. పొడిచాక కత్తి కరిగిపోతే సాక్ష్యం ఉండదు. కరిగిపోయే కత్తితో చంపబోయేవాడికి సమయమే శత్రువు అవుతుంది, ఆ తొందరలోనే హాస్యమంతా ఉంది. దాన్ని మాటల్లో చెబితే ఇంతే. తెర మీద చూస్తే వేరు.

కథ మనకు తెలిసిందే. లాడ్జి గదిలో ఉంటూ ఉద్యోగం కోసం బారు క్యూలలో నిలబడే కుర్రాడు, తాగి వీధిలో పడిపోయిన ధనవంతుణ్ణి తన గదిలో బంధించి, అతని తాళం చెవితో అయిదు నక్షత్రాల హోటల్లో దిగుతాడు. అక్కడ మెత్తని పరుపు మీద వాడికి నిద్ర పట్టదు. లాడ్జి పక్కనే ఉన్న సినిమా హాలు నుంచి రాత్రంతా వినిపించే రణగొణధ్వనికి చెవులు అలవాటు పడ్డాయి. వెనక్కి వెళ్లి ఆ రొదను టేపులో ఎక్కించుకుని వచ్చి, హోటల్ గదిలో వేసుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికం మనిషి ఒంట్లోకి ఎంత లోతుగా దిగుతుందో చెప్పడానికి మన కథకులు పేజీలు రాశారు. ఇక్కడ ఒక టేప్‌రికార్డరు చాలింది. సినిమాలో మనుషులు మాట్లాడరు గాని లోకం నోరు మూసుకోలేదు. వీధి, హాలు, హోటల్, అన్నిటికీ చప్పుడుంది. అందుకే దీన్ని పాతకాలపు మూకీల వరసలో పెట్టడం నాకు సమ్మతం కాదు. మూకీల నాటికి శబ్దం లేక మాట లేదు. ఇక్కడ శబ్దమంతా ఉండి, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే అవసరమే నగరం లేకుండా చేసింది.

పి.ఎల్. నారాయణ వేసిన బిచ్చగాడి పాత్రను తలచుకోవాలి. కుర్రాడు తన దగ్గరున్న డబ్బు చూపించి గొప్పలు పోతే, బిచ్చగాడు తన దగ్గరున్న నోట్లు చూపిస్తాడు. హాలు పగలబడి నవ్వుతుంది. తర్వాత ఒకనాడు ఆ బిచ్చగాడు చనిపోతాడు. శవాన్ని పట్టించుకోకుండా జనం నోట్ల కోసం ఎగబడతారు. ఇందాక నవ్వినవాడికి ఇప్పుడు నవ్విన సంగతి గుర్తొస్తుంది. నారాయణ గొప్ప నటుడు. ఆయన గురించి మనం రాయవలసినంత రాయలేదు.

సినిమా ముగింపులో మన నిర్మాతలు కోరుకునే శుభం లేదు. కుర్రాడు ఆ అమ్మాయికి నిజం తెలియజేస్తాడు. ఆమె వెళ్లిపోతూ గులాబీతో పాటు చిరునామా రాసిన కాగితం వదులుతుంది. కాగితం పోతుంది, గులాబీ మిగులుతుంది. వాడు మళ్లీ ఉద్యోగాల క్యూలోనే ఉంటాడు. హాస్య చిత్రానికి ఇలాంటి ముగింపు పెట్టినందుకు కూడా ఆ గదుల్లో చాలా తలలు అడ్డంగా ఊగి ఉంటాయని నా అనుమానం.

జాతీయ పురస్కారం వచ్చింది. బెంగళూరులో బాగా ఆడింది. ఏ భాషలోకీ డబ్బింగ్ అక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. తమిళానికి ‘పేసుం పడం’, హిందీకి ‘పుష్పక్’. దేశమంతటికీ ఒకే సినిమా అన్న మాట ఇప్పుడు వందల కోట్ల లెక్కలతో వినిపిస్తోంది. ఆ పనిని ఒక తెలుగు దర్శకుడు లక్షల్లో చేసి చూపించాడు.

అదే 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ వచ్చింది. ఆది విష్ణు నవల ఆధారంగా రామానాయుడు నిర్మించిన ఆ సినిమాలో నవ్వంతా మాటల్లో ఉంది. కోట శ్రీనివాసరావు పిసినారితనం, బ్రహ్మానందం ఉక్రోషం ఈనాటికీ ఇళ్లల్లో వల్లె వేసుకుంటున్నారు. ఆ సినిమా అంటే నాకు ఎంతో ఇష్టం. అయితే అలాంటి నవ్వుకు మన దగ్గర బాట వేసి ఉంది. కథ చెప్పే గదిలో జంధ్యాల నోరు విప్పితే నవ్వు పుడుతుంది. మరో రకం నవ్వుకు ఆ బాట లేదు. ఒకే ఏడాది రెండు రకాల హాస్యానికీ పరాకాష్ఠ చూసిన జాతి మనది. ఒకదానికి వారసులు కోకొల్లలు, రెండోదానికి దాదాపు లేరు. ప్రేక్షకులు ఒప్పుకోరన్న సాకు చెల్లదు, వాళ్లు రెండింటినీ చూశారు. లోటు డబ్బు పెట్టే చోట ఉంది.

ఇక్కడ కుందన్ షా సంగతి చెప్పాలి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, ఏళ్ల తరబడి ఎదురుచూసి 1983లో ‘జానే భీ దో యారో’ తీశాడు. ఫొటో స్టూడియో పెట్టుకున్న ఇద్దరు అమాయకులు, నగరాన్ని పంచుకు తింటున్న బిల్డర్లు, అధికారులు, చేతులు మారుతూ తిరిగే ఒక శవం. ఆ ఇద్దరు ఫొటోగ్రాఫర్ల ఊహకు మూలం హైదరాబాదులో ఫొటోగ్రఫీ పని పెట్టుకుని తిప్పలు పడిన ఆయన ఇన్‌స్టిట్యూట్ మిత్రులు. ఆ కథకు ఏ ప్రైవేటు నిర్మాతా అవసరం లేకపోయింది. ప్రభుత్వ సంస్థ ఎన్.ఎఫ్.డి.సి. ఏడు లక్షల లోపు ఇచ్చింది. నసీరుద్దీన్ షా, ఓం పురి, పంకజ్ కపూర్ వంటివారు నామమాత్రపు పారితోషికాలకు పనిచేశారు. ప్రభుత్వపు డబ్బుతో ప్రభుత్వంలోని అవినీతిని ఎగతాళి చేసిన సినిమా అది. ఆ తర్వాత కుందన్ షా, సయీద్ మీర్జాతో కలిసి తీసిన ‘నుక్కడ్’ సీరియల్లో తాగుబోతుగా ఇంటింటికీ తెలిసిన సమీర్ ఖఖ్ఖర్‌నే సింగీతం తన సినిమాలో తాగిపడిపోయే ధనవంతుణ్ణి చేశారు. ఎక్కడో పుణెలో మొలిచిన ఆ హాస్యానికీ మనవాడి హాస్యానికీ చుట్టరికం ఉందని ఆయనకు తెలుసు.

ఆ రెండు సినిమాల దారులు మాత్రం వేరు. కుందన్ షాకు ఒక సంస్థ దొరికింది. సింగీతానికి ఒక నాగరాజ్ దొరికాడు. నాగరాజ్ దొరకకపోయి ఉంటే? ఆ ఊహ ఆయనతోనే ఉండిపోయేది, మనకు దాని లోటు కూడా తెలిసేది కాదు. అదృష్టం మీద ఆధారపడి ఒక కళ నడవకూడదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ చలనచిత్రాభివృద్ధి సంస్థలున్నాయి. నంది పురస్కారాలు 1964లో మొదలయ్యాయి, తెలంగాణ ఇప్పుడు గద్దర్ పేరిట పురస్కారాలు ఇస్తోంది. పురస్కారం సినిమా పూర్తయ్యాక వచ్చే గౌరవం. కథ కాగితం మీద ఉన్నప్పుడు దానికి చేయూత కావాలి. పొరుగున కేరళ చలనచిత్రాభివృద్ధి సంస్థ మహిళా దర్శకులు, షెడ్యూల్డు కులాలు, తెగల దర్శకుల స్క్రిప్టులను ఎంపిక చేసి, ఒక్కో సినిమాకు కోటిన్నర దాకా పెట్టి నిర్మిస్తోంది. మన పెద్ద సినిమా ఒకదానిలో ఒక పాట చిత్రీకరణకు అయ్యేపాటి డబ్బది. అంత డబ్బు మన ప్రభుత్వాలకు బరువు కాదు. ఎంపిక సంఘంలో రచయితలు, నాటకరంగం వాళ్లు, ఎడిటర్లు ఉండాలి. స్క్రిప్టు చదివి తెర మీద ఊహించుకోగలిగినవాళ్లు ఉండాలి. వినిపించమని అడిగేవాళ్లతో మళ్లీ ఆ పాత గదే తయారవుతుంది.

పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది. కథ, కవిత, నాటిక మనం అచ్చు వేస్తాం. స్క్రీన్‌ప్లేను సాహిత్యంగా చూడలేదు, నిర్మాత గడప దాటని స్క్రిప్టుకు చదివేవాడే లేకుండా పోయాడు. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో సినిమాగా రూపుదాల్చని స్క్రీన్‌ప్లేలకు చోటిస్తున్నాం. హాస్యానికి మొదటి పీట. నిడివి గురించి బెంగ వద్దు, పెద్దదైతే రెండు మూడు సంచికల్లో వేస్తాం. రచయితలు కాపీరైటు తమ పేరిటే ఉంచుకోవచ్చు. డైలాగులు రాయని స్క్రిప్టయితే కెమెరా ఏం చూస్తుందో, చెవికి ఏం వినిపిస్తుందో ఎడమ కుడి వరసల్లో విడిగా రాసి పంపండి.