మత్తడికి జాలీ కట్టింది మేమే

మా ఊరి చెరువు మత్తడికి ఇనుప జాలీ కట్టింది మేమే. ఎవరో దొంగచాటుగా రాత్రి వచ్చి కట్టలేదు. పట్టపగలు పది మందిమి నిలబడి, బైండింగ్ వైరు బిగించి కట్టాం. చేపలు మత్తడి దుంకి పోతే గుత్త పైసలు పోతాయి, ఆ పైసలుంటే బొడ్రాయి పండుగ ఘనంగా చేసుకోవచ్చు అని తలా ఇంత వేసుకున్నాం. నేనూ ఇచ్చాను. వద్దనాలన్న ఆలోచనే నాకు రాలేదు.

2025 ఆగస్టు 27న పట్టిన వాన మరునాటికీ వదల్లేదు. కామారెడ్డి జిల్లా రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. కామారెడ్డి పట్నంలో కాలనీలు మునిగాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి దిక్కున మా చెరువుకు గండి పడింది. తెల్లారి కట్ట మీదికి పోయి చూస్తే, జాలీకి ముళ్లకంప, నిరుటి పత్తికట్టె, ఎరువు సంచులు, నీళ్ల సీసాలు, చచ్చిన కోడి ఒకటి, అన్నీ పేరుకుని గోడలా నిలిచి ఉన్నాయి. మత్తడి దుంకాల్సిన నీళ్లు దారి దొరకక కట్ట ఎక్కి, కట్టను కోసుకుని పోయాయి.

అడిగిన వాళ్లందరికీ "ఇంత వాన మా తాతల నాడు కూడా పడలేదు" అని చెప్పాం. అబద్ధం కాదు. కానీ జాలీ సంగతి ఒక్కరమూ నోరు విప్పి చెప్పలేదు.

మా తాత కాలంలో వాగు మీద కత్వ, అంటే నీళ్లను మళ్లించే అడ్డుకట్ట, ఉండేది. వానలు వెనక్కి తగ్గగానే ఇంటికొక మనిషి వాగులోకి దిగేవాడు. తుమ్మ గుంజలు వరసగా పాతి, వాటి మధ్య వావిలి మండలు గుమ్మి అల్లినట్టు అల్లి, సందుల్లో గడ్డీ బురదా మెత్తేవారు. నీళ్లు మెల్లగా మళ్లి కాలువకెక్కేవి. చిన్నప్పుడు నేనూ ఆ మండలు మోశాను. వావిలాకు వాసన చేతులకు రెండు రోజులు పోయేది కాదు. పెద్ద వరదొస్తే కత్వ కొట్టుకుపోయేది. పోతుందని తెలిసే కట్టేవారు. అది పోతేనే వాగుకు దారి దొరికేది, ఒడ్డున పొలాలు నిలిచేవి. మళ్లీ ఏడు మళ్లీ గుంజలు నరికేవారు.

జపాన్‌లో యమనాషి ప్రాంతపు నదుల్లోనూ ఇలాంటి పని ఉంది. దుంగలను ముక్కాలిలా నిలిపి కట్టి, రాళ్లు నింపిన పొడుగాటి వెదురు బుట్టలను వాటి మీద బరువుగా వేస్తారు. నది ఉరవడి అక్కడ మెత్తబడుతుంది. చూడ్డానికి కొమ్ములెత్తినట్టు ఉంటుంది, పేరు కూడా ఎద్దు పేరే. 16వ శతాబ్దంలో అక్కడ ఏలిన తకేదా షింగెన్ నాటి పద్ధతి అని చెప్పుకుంటారు. కట్టె పుచ్చిపోతుంది కాబట్టి కొన్నేళ్లకొకసారి మనుషులు నీళ్లలోకి దిగక తప్పదు. ఇది చదివిన రోజు నాకు తలకొట్టేసినట్టయింది. సిమెంటు కత్వ వచ్చినప్పుడు మేము మా వావిలి మండల కత్వను లేనోళ్ల పని అనుకున్నాం. "ఇంక సర్కారు చూసుకుంటది" అని ఒడ్డెక్కాం. మళ్లీ దిగలేదు.

అంతకంటే పెద్ద తప్పు చెరువును కనిపెట్టుకుని ఉండే నీరటి విషయంలో చేశాం. వాన రాత్రి గొంగడి కప్పుకుని కట్ట పొడుగునా తిరిగేది ఆయనే. తూముకు అడ్డుపడ్డ చెత్త తీయడానికి ఊపిరి బిగబట్టి మునిగేదీ ఆయనే. కల్లం దగ్గర ఆయనకు మేర కొలిచేవాళ్లం. బోర్లు పడ్డాక ఆ మేర ఆపేశాం. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. ఒక ఏడు నలుగురు ఇవ్వలేదు, పై ఏడు ఇంకో పది మంది ఇవ్వలేదు. ఆయన కొడుకు హమాలీ పనికి కామారెడ్డి పోయాడు. చెరువు సగమే నిండిన యాసంగిలో ఎవరి పొలం ఎంత పారాలో కూర్చుని తేల్చుకునే తైబందీ కూడా అట్లాగే పోయింది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఎవరి మోటరు వారిదే. ఆ బోర్లలోకి ఊట దిగేది చెరువు నుంచేనని అందరికీ తెలుసు.

2015 మార్చి 12న చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైంది మా దగ్గరి సదాశివనగర్ పాత చెరువులోనే. మా చెరువుకూ యంత్రాలు వచ్చాయి. పూడిక మట్టి కోసం ట్రాక్టర్లు వరుస పెట్టి, నాకు ముందంటే నాకు ముందని కొట్లాడుకున్నాం. ఫీడర్ కాలువ హద్దులు కొలుస్తామన్న నాడు మాత్రం ఊళ్లో ఎవరమూ కనబడలేదు. ఆ కాలువలో మా మళ్లు మూడున్నాయి. మా నాయన కలుపుకున్నాడు, నేను దున్నుకుంటున్నాను.

ఆ ఆగస్టు వరదలో పోచారం ఆనకట్ట నిలబడింది. నాగిరెడ్డిపేట మండలంలో 1917లో మొదలుపెట్టి 1922లో పూర్తి చేసిన కట్టడం అది, ఆయకట్టు 10,500 ఎకరాలు. 70 వేల క్యూసెక్కులకని కట్టిన దాని మీదుగా 1.80 లక్షలకు పైగా దుంకాయి. పక్క మట్టి కోసుకుపోయినా రాతికట్ట కదల్లేదు. ఆ వీడియోలు ఒకరికొకరం పంపుకుని పాతవాళ్ల పనితనాన్ని మెచ్చుకున్నాం. నీళ్లు దుంకడానికి వాళ్లు అంత పొడుగు మత్తడి ఎందుకు వదిలారో మాట్లాడుకున్నవాళ్లం లేము.

గండి నీళ్లు దిగువ ఊరి పొలాల మీద పడ్డాయి. వారం తర్వాత అటు పోతే, ఒక రైతు మోకాలి లోతు ఇసుకలో చేతులతో తవ్వుతూ నాటు వరసల కోసం వెతుకుతున్నాడు. "అన్నా, ఆ రాత్రి మీ ఊరోళ్లు ఎవరన్న మత్తడి దిక్కు పోయి చూసిండ్రా?" అని అడిగాడు. వాన ఆగలేదు తమ్మీ, ఎట్ల పోతం అన్నాను. ఆయన మళ్లీ ఇసుకలోకి వంగాడు. నేను జాలీ మాట ఎత్తకుండా ఇంటికొచ్చాను.