పెద్ద నగరం అంటే ఎంత పెద్దది?

ప్రపంచంలో అతి పెద్ద నగరాల పేర్లు టైపు చెయ్యమని, పక్కన గడియారం పెట్టి పరుగులు తీయించే క్విజ్‌లు అంతర్జాలంలో బోలెడు. సరదాగానే ఉంటాయి. లాగోస్, కిన్షాసా లాంటి పేర్లు మన పిల్లల నోళ్ళలో ఆడితే మంచిదే కదా! నా పేచీ అంతా వాటి వెనకున్న జవాబుల పట్టికతోనే.

ఐక్యరాజ్య సమితి 2018 లెక్కల్లో మొదటి స్థానం టోక్యోది, 3.7 కోట్లు. 2025 లెక్కల్లో జకార్తా దాదాపు 4.2 కోట్లతో మొదటికొచ్చింది. ఢాకా రెండు, టోక్యో మూడు. 2018లో జకార్తా జనాభా కోటి చిల్లరే మరి! ఏడేళ్ళలో మూడు కోట్ల మంది ఎక్కణ్ణించి ఊడిపడ్డారు? ఎవరూ ఊడిపడలేదు. ఇదివరకు ఏ దేశం గీసుకున్న హద్దు ఆ దేశానికి వాడారు. ఈసారి అన్ని దేశాలకీ ఒకే కొలత పెట్టి, జనం ఎడం లేకుండా చిక్కగా ఉన్న మేరంతా ఒకే నగరం అన్నారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మారింది డేటా కాదు, క్వెరీలో షరతు.

చైనాలో చోంగ్‌చింగ్ ఇంకో తమాషా. దాని జనాభా 3.2 కోట్లు, విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో దాదాపు ముప్పావు వంతు! పొలాలు, కొండలు, పల్లెలు అన్నీ అందులోనే.

అంత దూరం ఎందుకు? మా మేడిపల్లి జగిత్యాల జిల్లాలోది. అదే పేరుతో ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద ఇంకో మేడిపల్లి ఉంది. అది ఒకప్పుడు పంచాయతీ, తర్వాత పీర్జాదిగూడలో భాగం. 2025 డిసెంబరులో 27 పురపాలికలను కలిపేసినప్పుడు హైదరాబాదులో చేరిపోయింది. ఊరు అంగుళం కదల్లేదు, నగరమే నడిచొచ్చింది. మా పక్కనున్న సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి భివండీ పోయినవాళ్ళదీ ఇదే కథ. ముంబై కార్పొరేషన్ లెక్కలో వాళ్ళు ఉండరు, ముంబై మహానగర ప్రాంతం అంటే ఉంటారు. అదే మనిషి, అదే మగ్గం!

"ఆటే కదా, వదిలెయ్ భాయ్" అంటారేమో. గీత ఆటతో ఆగదండీ. పంచాయతీ పోయి పురపాలిక వస్తే గ్రామాలకు మాత్రమే ఉన్న ఉపాధి హామీ పని పోతుంది. సర్పంచి పోతాడు. ఇంటిపన్ను కట్టే ఆఫీసు మారుతుంది. నగరం ర్యాంకు పెరిగిందని పేపర్లో చదివి మురిసేది ఒకరు, కూలి పోగొట్టుకునేది ఇంకొకరు.

అందుకే నా మటుకు నాకు, ప్రతి జవాబు పక్కన రెండు ముక్కలు ఉండి తీరాలి: ఏ ఏటి లెక్క, ఎవరు గీసిన హద్దు. పిల్లలు పేర్లు కంఠతా పట్టనివ్వండి, పర్లేదు. కానీ "ఎంతమంది?" అనే ముందు "ఏ గీత లోపల?" అని అడగడం కూడా నేర్పండి. 2021లో జరగాల్సిన జనగణన 2027కి వాయిదా పడింది కదా, ఆ అంకెలు బయటికొచ్చాక మన ఊళ్ళ గురించి పెద్దవాళ్ళమూ అదే ప్రశ్న అడగాలి.