బరాత్ గుర్రం నోట్లో ముల్లు

పెళ్ళి కుదిరిన ఇంట్లో షాదీఖానా, వంటవాడు, బ్యాండు సంగతులు తేలాక చివరగా గుర్రం మాట వస్తుంది. కిరాయి ఎంత, తెల్లదేనా, ఏ వేళకు వస్తుంది, ఇంతవరకే మన విచారణ. దాని నోట్లో ఏముందని అడిగినవారిని నేను నల్లగొండలో గానీ పాలమూరులో గానీ చూడలేదు.

క్రిందటి ఏడాది బంధువుల బరాత్‌లో గుర్రం పక్కనే నడిచాను. నోటి నురగలో ఎర్రజీర కనిపించింది. తోలేవాణ్ణి అడిగితే, "కొత్త లగాం సాబ్, అలవాటైతది" అన్నాడు. పెదవి ఎత్తి చూస్తే ఇనుపకడ్డీకి ముళ్ళున్నాయి. పైన దుల్హా, ముందు బ్యాండు. ఆ సందడిలో నేనూ నోరు మూసుకున్నాను. అదే ఇప్పటికీ బాధ.

గుర్రానికి ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది. కళ్ళెం కడ్డీ నిలిచేది అక్కడే. అక్కడ ఎముకపై పలుచని పొర తప్ప కండ లేదు. ముల్లు గుచ్చితే జంతువు ఆగుతుంది నిజమే, కానీ మాట విని కాదు. నొప్పికి బెదిరి తల ఎగరేస్తుంది, ఒక్కోసారి ముందుకాళ్ళు లేపుతుంది. చుట్టూ పిల్లలుంటారు.

అసలు కళ్ళెమే లేకుండా గుర్రాన్ని నడపవచ్చంటే మనవాళ్ళు నవ్వుతారు. ప్రాచీనకాలంలో ఉత్తరాఫ్రికాకు చెందిన నుమిడియా రౌతులు మెడకొక తాడు, చేతిలో చిన్న కర్రతోనే యుద్ధాలు చేశారు. హానిబాల్ సైన్యంలో రోమన్లను హడలెత్తించినవారిలో వీరూ ఉన్నారు. ఇందులో మంత్రమేమీ లేదు. ఈగ వాలితే ఆ చోటి చర్మాన్ని మాత్రమే వణికించి తోలుకునే జంతువు గుర్రం. రౌతు నడుము కాస్త వెనక్కి వాలినా దానికి తెలుస్తుంది. శిక్షకుడు చుట్టూ కంచె ఉన్నచోట, నడకతోనే మొదలుపెడతాడు. ముందు ఒళ్ళు వాల్చి, ఒక మాట పలికి, ఆ తర్వాతే పగ్గం మెల్లగా పట్టి ఆపుతాడు. గుర్రం ఆగిన క్షణంలోనే పగ్గం వదులుతాడు. ఆ వదలడమే దానికి పాఠం. కొన్నాళ్ళకు పగ్గం బిగించకముందే ఆగడం నేర్చుకుంటుంది. మలుపులకు కాలి ఒత్తిడి, మెడమీద తాడు తాకిడి చాలు. ఇవన్నీ కుదిరాకే కళ్ళెం తీస్తారు. తొందరపడినవాడు కింద పడతాడు.

బరాత్ గుర్రాన్ని కళ్ళెం లేకుండా రోడ్డుమీదికి తెమ్మని నేననడం లేదు. లారీ హారన్లు, టపాసుల మధ్య అది వెర్రితనమే. కానీ నున్నటి కడ్డీకి, వదులు పగ్గానికి ఆగే గుర్రం కావాలన్నా శిక్షణ ఈ దారినే సాగాలి. ముళ్ళ లగాం ఆ శ్రమను ఎగ్గొట్టే అడ్డదారి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో చేసిన నియమాలు దాన్ని నిషేధించాయి కూడా. అయితే తోలేవాణ్ణి ఒక్కణ్ణే తిట్టడం న్యాయం కాదు. అతనితో గీచి గీచి బేరమాడేది మనమే కదా!

హజ్రత్ ఆయిషా (రజి) మొండికేసిన ఒంటెను అటూ ఇటూ తిప్పుతుంటే దైవప్రవక్త (స) మృదువుగా వ్యవహరించమన్నారని సహీహ్ ముస్లింలో ఉంది. మదీనాలో ఒక రాత్రి అలజడి రేగినప్పుడు ఆయన అబూ తల్హా (రజి) గుర్రంపై జీను కూడా లేకుండా, అందరికంటే ముందు వెళ్ళి చూసి వచ్చారు. మందకొడిదని పేరుపడ్డ ఆ గుర్రాన్ని సముద్రంతో పోల్చి మెచ్చుకున్నారు. ఇవి మన మస్జిదుల్లో వినిపించే మాటలే. బయట నిలబడ్డ బరాత్ గుర్రం దగ్గరికి మాత్రం వాటిని తీసుకెళ్ళం. నికాహ్‌కు గుర్రం తప్పనిసరి అని ఏ ఆలిమూ చెప్పలేదు, అది మన సరదా.

వచ్చే నెల మా ఇంట్లో పెళ్ళి. ఈసారి బయానా ఇవ్వకముందే లగాం చూపించమన్నాను. నున్నటి కడ్డీ వేస్తే గుర్రం చేతికి ఆగదేమోనని అతని భయం. అయితే రెండువైపులా ఇద్దరు పట్టుకుని నడవండి, రెండో మనిషి కూలి నేనిస్తానన్నాను. రేపు పాత లగాం, కొత్త లగాం రెండూ తెచ్చి చూపిస్తానని వెళ్ళాడు.