పేరొకటే, చిప్పు వేరు: ల్యాప్‌టాప్ కొనేవాడికి ఆ సంగతి చెప్పేదెవరు?

వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాపుల్లోకి కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తందంటే చాలు, లోపల ఏ చిప్పు పెడతారా అని ఊహాగానాలు మొదలైపోతాయి. డ్రైవర్ ఫైల్లో ఓ నంబరు కనబడితే ఒకడో లెక్క కడతాడు, స్పీడు పరీక్షల జాబితాలో పేరు బయటపడితే ఇంకొకడో లెక్క కడతాడు. ఇదంతా పనీపాటా లేనోళ్ల కబుర్లని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనలా అనుకోనండి. కంపెనీ పేరులోనే నిజం దాచేస్తన్నప్పుడు జనం ఊహించుకోక ఏం చేస్తారు?

మా ఐ.పోలవరం లాంటి చోట ఈ యంత్రాలెవరికి అంటారేమో. ఇళ్లకి త్రీడీ ఎలివేషన్లు గీసే కుర్రాళ్లున్నారు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లున్నారు, డ్రోన్ ఫొటోలు అతికి మ్యాపులు చేసేవాళ్లున్నారు. వీళ్లకి ల్యాప్‌టాప్ అంటే సరదా వస్తువు కాదు, కూడు పెట్టే పనిముట్టు. లక్షలు పోసి, వాయిదాల మీద కొంటారు. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కడతారు.

ముందు పేర్ల గొడవ చూడండి. ఎన్విడియా 2018లో క్వాడ్రో ఆర్‌టీఎక్స్ 6000 అంది. 2020లో ఆర్‌టీఎక్స్ ఏ6000 అంది. 2022లో ఆర్‌టీఎక్స్ 6000 అడా, 2025లో ఆర్‌టీఎక్స్ ప్రో 6000 బ్లాక్‌వెల్. నాలుగు తరాలు, నాలుగు వేరే చిప్పులు, మెమరీ 24 గిగాబైట్ల నుంచి 96 దాకా పోయింది. సెకండ్ హ్యాండులో "6000 కార్డండీ" అంటే ఏది చేతికొస్తాదో దేవుడికే తెలియాలి.

అసలు తిరకాసు ల్యాప్‌టాపు దగ్గర ఉంది. 5000 పేరునే తీసుకోండి. ఆర్‌టీఎక్స్ ఏ5000 డెస్క్‌టాపులో జీఏ102 చిప్పు, 8192 కోర్లు. అదే పేరుతో ల్యాప్‌టాపులో వచ్చింది జీఏ104, 6144 కోర్లు. తర్వాత 5000 అడా: డెస్క్‌టాపులో ఏడీ102, 12800 కోర్లు, ల్యాప్‌టాపులో ఏడీ103, 9728 కోర్లు. 2025 మార్చిలో ప్రకటించిన ప్రో 5000 బ్లాక్‌వెల్ కూడా అంతే: డెస్క్‌టాపులో జీబీ202, 14080 కోర్లు, ల్యాప్‌టాపులో జీబీ203, 10496 కోర్లు. మెమరీ అక్కడ 48 గిగాబైట్లు, ఇక్కడ 24. వరసగా మూడు తరాలూ ఒకే పద్ధతి. పేరు పెద్దన్నది, చిప్పు తమ్ముడిది.

చిన్న చిప్పు పెట్టడంలో తప్పేం లేదండి. ఆ పెద్ద జీబీ202 విస్తీర్ణం 750 చదరపు మిల్లీమీటర్లు. జీబీ203 అందులో సగం, 378. పెద్దదాంతో చేసిన ప్రో 6000 డెస్క్‌టాప్ కార్డు 600 వాట్లు తాగుద్ది. ఒళ్లో పెట్టుకునే పెట్టెలో అంత వేడి ఎక్కడికి పోద్ది? గ్రాఫిక్స్‌కి 175 వాట్లిస్తేనే ల్యాప్‌టాపుకి గొప్ప. అందుకే ఈసారీ పెద్ద చిప్పు రాదని ముందే లెక్క కట్టినవాళ్లది గుడ్డి ఊహేం కాదు. మెమరీ దగ్గరా అంతే. ఆ చిప్పుకి మెమరీ దారి 256 బిట్లు, అంటే ఎనిమిది మెమరీ ముక్కలు. ముక్కకి 2 గిగాబైట్లయితే 16, 3 అయితే 24. జీడీడీఆర్7లో 3 గిగాబైట్ల ముక్కలొచ్చాయి కాబట్టి 24 కుదిరింది. ఎక్కాలొస్తే చాలు.

అయితే చిప్పు పేరు తెలిసినంత మాత్రాన కథ అయిపోదు. 5000 అడా ల్యాప్‌టాప్ కార్డునే 80 వాట్ల నుంచి 175 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోవచ్చు. పల్చటి మోడల్లో ఓ రకంగా, లావుపాటి మోడల్లో ఇంకో రకంగా పనిచేస్తాది. ఇదివరకు తక్కువ వాట్ల కార్డుకి మ్యాక్స్-క్యూ అని తోక ఉండేది, చూడగానే తెలిసేది. 2021లో ఆ తోక తీసేశారు. గోల లేచాక, వాట్లు వెబ్‌సైట్లలో రాయండని తయారీదార్లకి ఎన్విడియా చెప్పింది. షాపులో అట్ట మీద మటుకు ఆ అంకె కోసం ఇప్పటికీ వెతుక్కోవాల్సిందే. మా వైపు ఎండాకాలం ఉక్కపోతకి, తక్కువ వాట్ల మిషను మీద ఓ రెండర్ పెడితే తెల్లారిపోద్ది.

డీఏపీ బస్తా మీద 18-46-0 అని రాసుంటాది. ఏ పోషకం ఎంతుందో రైతు చూసుకుంటాడు. ఫ్రిజ్ మీద స్టార్ స్టిక్కరుంటాది. లక్షల ల్యాప్‌టాప్ అట్ట మీద చిప్పు, కోర్లు, మెమరీ, వాట్లు అని నాలుగు ముక్కలు రాయడానికి ఏం అడ్డమొచ్చింది? వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం తెలుసుకోవడం కొనేవాడి హక్కని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్తంది. హైదరాబాద్‌లో ఎన్విడియాకీ, ఏఎండీకీ డిజైన్ కేంద్రాలున్నాయి. ఆంధ్రాలో చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్‌కి 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదమిచ్చింది. చిప్పుల ఫ్యాక్టరీల గురించి అంత గొప్పగా చెప్పుకునే ప్రభుత్వాలు, కొనేవాడికి ఆ చిప్పు పేరు చెప్పించలేవా?

రాబోయే తరం మీద నా అంచనా కూడా చెప్తాను. పేరు ఏం పెట్టినా, ల్యాప్‌టాపు వేడి భరించే హద్దు మారనంతకాలం అందులోకి పెద్ద చిప్పు రాదు. కాబట్టి పేరు చూసి డబ్బు కట్టకండి. షాపులోనే మిషను ఆన్ చేయించి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవమనండి. కోర్లెన్నో, గరిష్ఠ వాట్లెన్నో అక్కడ కనబడతాయి. చూపించనంటే ఇంకో షాపుకి నడవండి. వాయిదా కట్టేది మీరేనండి, ఆ షాపాయన కాదు.