మోటారు బిగించాం సరే, స్టార్టరు నొక్కేదెవరు?

"సర్వర్ డౌనయింది, రేపు రండి" అన్న మాట వినని రైతు నేడు మన రాష్ట్రంలో లేడంటే అతిశయోక్తి కాదు. మా నాయన వంటి వారికి సర్వరంటే ఎక్కడో ఆకాశంలో ఉండే దేవుడు. కరుణిస్తే పహాణీ నకలు చేతికొస్తుంది, లేకుంటే బస్సు చార్జీ దండగ. వారి సంగతి అలా ఉంచండి. కంప్యూటర్లు ఒక సబ్జెక్టుగా బి.ఎస్సీ. చదువుతున్న మనకైనా ఆ దేవుడి ఆనవాలు తెలుసా మిత్రులారా? తెలియదనే నా అభిప్రాయం.

ల్యాబులో జరిగేదేమిటి? మనం అడుగు పెట్టేసరికే మైసీక్వెల్ నడుస్తూ ఉంటుంది. టేబుల్ తయారు చేస్తాం, నాలుగు సెలెక్టులు కొడతాం, రికార్డు మీద సంతకం పెట్టించుకొని బయటపడతాం. ఖాళీ కంప్యూటరిచ్చి డేటాబేసు నడపమంటే ఫస్టు క్లాసు వాళ్లం కూడా నీళ్లు నములుతాం. పారే కాలువలో చేతులు కడుక్కోవడం వేరు, బోరులో మోటారు దించడం వేరు.

దించడమొకటి, తిప్పడమొకటి అని బాయికాడ పెరిగినవాడికి చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. విండోస్‌లో ఇన్‌స్టాలరు అడిగినవాటికల్లా సరేనంటూ పోతే సర్వరు ఒక 'సర్వీసు'గా నమోదై, కంప్యూటరు వెలిగినప్పుడల్లా తనే లేస్తుంది. ఉబుంటులో 'ఆప్ట్ ఇన్‌స్టాల్' అన్న ఒక్క ఆజ్ఞతో బిగింపూ అవుతుంది, నడకా మొదలవుతుంది. ఈ రెండూ ఆటో స్టార్టరు మోటార్లన్నమాట. ఫెడోరాలో అలా కాదు. బిగించాక 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' అని మనమే చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ అయితే అంతకు ముందే డేటా దాచే చోటు సిద్ధం చేయాలి. మ్యాక్‌లో హోమ్‌బ్రూతో తెచ్చుకున్నది 'బ్రూ సర్వీసెస్ స్టార్ట్' అననిదే కదలదు.

ఆటో స్టార్టరే సుఖం కదా అంటారేమో. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. చూసేవాడు లేకుండా తిరిగే మోటారు భూమిలోని నీరంతా తోడేస్తుంది. మనకు తెలియకుండా లేచిన సర్వరూ అంతే, 4 జీబీ ల్యాప్‌టాప్‌లో మెమరీ తింటూ కూర్చుంటుంది. పైగా జాంప్‌తో వచ్చిన మరియాడీబీ 3306 పోర్టును ముందే ఆక్రమించి ఉంటే, తర్వాత వేసిన మైసీక్వెల్ లేవనే లేవదు. ఎందుకు లేవలేదో ఎర్రర్ లాగ్ చదివి పట్టుకున్న రోజున నేర్చుకున్నది ఏ నోట్సులోనూ దొరకదు.

మరొక ముచ్చట. 2018లో 8.0 వచ్చేదాకా మైసీక్వెల్ మామూలుగా పెట్టుకునే లిపి లాటిన్1. అందులో తెలుగు పేరు రాస్తే ప్రశ్నార్థకాలయ్యేది, లేదా తప్పని తిప్పికొట్టేది. సర్వరు బిగించేవాడికి ఈ సంగతి తెలియకపోతే మన పేర్లకే చోటుండదు!

ఈ విద్య మన ఊరికి కొత్తదా? రైల్వే రిజర్వేషన్ల 'కాన్సర్ట్' వ్యవస్థ దేశంలో మొట్టమొదట, 1994లో, అమలైంది మన సికింద్రాబాద్‌లోనే. 1999లో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నైలతో కలిసింది. అది నడిచింది ఓపెన్‌వీఎంఎస్ మీద, మనలో చాలామంది పేరైనా వినని ఆపరేటింగ్ సిస్టమ్ మీద.

క్లౌడ్ కాలంలో ఈ బాధలెందుకని కొందరు సీనియర్లు నవ్వుతారు. క్లౌడంటే మరొకరి బోరు. సెలవుల్లో మా ఊరు వెళ్తే నెట్టు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో. నా కంప్యూటర్లో నేను నిలబెట్టుకున్న సర్వరుకు నెట్టుతో పనే లేదు. కొనాల్సిందీ ఏమీ లేదు: 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన పోస్ట్‌గ్రెస్, నేడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

ల్యాబు కంప్యూటర్లు పాడైపోతాయన్న మా గురువర్యుల భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే అన్నీ అడగడం లేదు. మూలన పడేసిన పాత కంప్యూటర్లు నాలుగు మాకు వదిలేయండి. రెండింట విండోస్, రెండింట లినక్స్. పాడు చేస్తాం, మళ్లీ మేమే నిలబెడతాం. ప్రాక్టికల్ పరీక్షలో పది మార్కులు ఈ పనికి కేటాయించేలా యూనియన్ నాయకులు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఒక అర్జీ రాయాలి. సంతకాల సేకరణకు నేను సిద్ధం.