రాష్ట్రపతి ఓట్ల లెక్క: గెలుపు ముందే తెలుస్తుంది, తేడా మాత్రం పెట్టె తెరిచాకే

ఉపరాష్ట్రపతి ఎన్నిక ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో మామూలుగా జనం పట్టించుకోరు. 2025 సెప్టెంబర్ 9 నాటి ఎన్నిక మాత్రం ఉస్మానియా క్యాంపస్‌కు, తార్నాకకు దగ్గరి విషయం. ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి 1971లో లా పట్టా తీసుకున్నది ఇక్కడే.

ఎవరు గెలుస్తారన్నది అందరికీ తెలుసు. ఎన్డీయే, వైసీపీ ఎంపీలను కలిపితే సీపీ రాధాకృష్ణన్‌కు 438 దాకా వస్తాయని పత్రికలు లెక్కగట్టాయి. తీరా వచ్చినవి 452. ప్రతిపక్ష ఎంపీలు 315 మంది ఓటేశారని కాంగ్రెస్ చెప్పింది. సుదర్శన్ రెడ్డికి పడ్డవి 300. పోలైన 767 ఓట్లలో 15 చెల్లలేదు. టీడీపీ, వైసీపీ రెండూ రాధాకృష్ణన్ వైపే నిలిచాయి. బీఆర్ఎస్ ఎంపీలు నలుగురు యూరియా కొరతకు నిరసనగా అసలు ఓటే వేయలేదు. తెలుగు అభ్యర్థి అన్న మాట పెద్దగా పని చేయలేదు.

అంచనా ఎందుకు తప్పుతుంది? ఈ ఎన్నికల్లో ఓటు రహస్యం. పార్టీ విప్ ఉండదు. మాట తప్పి వేసినా పదవి పోదు. పైగా అభ్యర్థి పేరు ఎదురుగా 1, 2 అని అంకెలు వేయాలి. అక్కడ పొరపాటు చేస్తే ఓటు చెల్లదు.

రాష్ట్రపతి ఎన్నికలో లెక్క ఇంకాస్త చిక్కు. ఉపరాష్ట్రపతికి ఎంపీలే ఓటేస్తారు, ఒక్కొక్కరిదీ ఒక్క ఓటే. రాష్ట్రపతికి ఎమ్మెల్యేలూ వేస్తారు, వాళ్ల ఓటు విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 1971 జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో, తర్వాత వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఆ విలువ. 2022లో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు 132, ఆంధ్రప్రదేశ్‌ది 159, ఉత్తరప్రదేశ్‌ది 208. ఎంపీ ఓటు 700. ఆ ఏడాది ద్రౌపది ముర్ముకు 6,76,803, యశ్వంత్ సిన్హాకు 3,80,177 వచ్చాయి.

మొదటి లెక్కతోనే అన్నిసార్లూ తేలదు. హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1967లో 4,71,244 విలువైన ఓట్లతో దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు. ఆయనపై పోటీ చేసింది తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయనకు 3,63,971 వచ్చాయి. 1969 మే 3న జాకిర్ సాహెబ్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ తర్వాతి పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే నడిచింది. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఇందిరా గాంధీ మాత్రం అంతరాత్మ ప్రకారం ఓటేయమన్నారు. గెలవాలంటే 4,18,169 కావాలి. వీవీ గిరికి మొదట 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవరికీ సరిపోలేదు. తక్కువ వచ్చిన వాళ్లను ఒక్కొక్కరినే తీసేసి, వాళ్ల రెండో ప్రాధాన్యాలు కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 తేలాయి. కావాల్సిన దానికంటే గిరికి ఎక్కువ వచ్చినవి 1,908 మాత్రమే.

ముర్ము పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది. జనగణనకు కేంద్రం పెట్టిన తేదీ 2027 మార్చి 1. రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాతి తొలి జనగణన లెక్కలు ప్రచురించేదాకా 1971 జనాభానే ఆధారం. కాబట్టి వచ్చే ఎన్నికకు కాకపోయినా ఆ తర్వాతి దానికి కొత్త లెక్క రావచ్చు. అప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకేలా ఉండదు. దేశ జనాభాలో ఆంధ్రప్రదేశ్ వాటా 1971లో దాదాపు 5 శాతం, 2011 నాటికి 4 శాతం దగ్గరికి పడింది. తెలంగాణ వాటా మాత్రం రెండుసార్లూ 3 శాతానికి కాస్త తక్కువే. అంటే దక్షిణాదికి నష్టం అన్న మాట ఈ ఎన్నిక వరకు ఆంధ్రకు వర్తిస్తుంది, తెలంగాణకు అంతగా కాదు.

మన ఎమ్మెల్యే ఎవరికి ఓటేశారో ఎవరూ చూపించలేరు. ఆయన పార్టీ ఎవరి పక్షమో మాత్రం ఓటింగ్‌కు ముందే బయటపడుతుంది. అడగాల్సింది అప్పుడే. ఆ 132 ఆయన సొంతం కాదు, రాష్ట్రంలోని జనాన్ని లెక్కపెట్టి ఇచ్చినది.